మూడు క్రెడిట్లు తక్కువ

కరోనా సెలవులు ముగిసి కాలేజీలు పూర్తిగా తెరుచుకున్న ఏడాది, జూన్ మొదటి వారంలో నన్ను అకడమిక్ అడ్వైజింగ్ సెల్‌కు కోఆర్డినేటర్‌గా వేశారు. అప్పటికి నేను విశాఖపట్నంలో, ఆనందపురం వెళ్లే దారిలో ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ విభాగంలో అసోసియేట్ ప్రొఫెసర్‌ని. రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లుంది. ఉత్తర్వు చేతికిస్తూ ప్రిన్సిపాల్‌గారు, పాఠాల బరువు కొంత తగ్గిస్తానని మాటిచ్చారు. పాఠాలు తగ్గలేదు, ఈ పని మాత్రం వచ్చి చేరింది.

మాది అటానమస్ కాలేజీ. అంటే సిలబస్ మేమే తయారు చేసుకుంటాం, పరీక్షలు మేమే పెట్టుకుంటాం, పట్టా మాత్రం యూనివర్సిటీ ఇస్తుంది. నేను చదువుకున్న రోజుల్లో క్లాసులో అందరికీ ఒకే సబ్జెక్టులు. అన్నీ పాసైతే డిగ్రీ, లేకపోతే లేదు. ఇప్పుడలా కాదు. ప్రతి సబ్జెక్టుకూ ఇన్ని క్రెడిట్లని ఉంటుంది. మా దగ్గర డిగ్రీకి నూట అరవై క్రెడిట్లు కావాలి. అవి కూడా ఎలా పడితే అలా కుదరవు. సొంత బ్రాంచి సబ్జెక్టుల్లో ఇన్ని, బయటి బ్రాంచి సబ్జెక్టుల్లో ఇన్ని, సైన్సులో ఇన్ని అని వాటాలుంటాయి. ఏది ఎప్పుడు తీసుకోవాలో విద్యార్థికి చెప్పడానికి ప్రతి ఇరవై మందికీ ఒక టీచరు అడ్వైజర్‌గా ఉంటారు. ఆ అడ్వైజర్లందరి పనీ కలిపి చూసేది మా సెల్.

ఆ ఏడాదే కాలేజీ ఒక ఆన్‌లైన్ ప్లానర్ కొన్నది. విద్యార్థి ఫోనులో లాగిన్ అయితే నాలుగేళ్ల చదువూ ఒకే తెర మీద గళ్లుగళ్లుగా కనిపిస్తుంది. పూర్తయిన సబ్జెక్టు పచ్చ, తీసుకోబోయేది పసుపు, లోటున్న చోట ఎరుపు. అడ్వైజర్ తన కంప్యూటర్లో అదే తెర చూసి ఆమోదం నొక్కితే ఆ సెమిస్టరుకు రిజిస్ట్రేషన్ అయిపోతుంది. పాత పద్ధతిలో ఒక్కో విద్యార్థికి మూడు కాగితాలు, నాలుగు సంతకాలు అయ్యేవి. అందులో ఏ కాగితం ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలిసేది కాదు. నాలుగో ఏడాదిలో గానీ తనకో సబ్జెక్టు తగ్గిందని తెలియని పిల్లల్ని నేను ఎందరినో చూశాను. ప్లానర్ వచ్చాక అలాంటివి రెండో ఏడాదిలోనే బయటపడ్డాయి. ఈ మాట ముందే చెప్పడం న్యాయం. ఆ పరికరం మంచిదే. నాకు నచ్చింది కూడా.

ఎంత నచ్చిందంటే, అడ్వైజర్లు పని ఎక్కువైందని అడిగినప్పుడు 'అందరికీ ఆమోదం' అనే బటన్ తెరిపించింది నేనే. ఇరవై మంది తెరలూ పచ్చగా, పసుపుగా ఉంటే ఒక్కొక్కటీ తెరవక్కర్లేదు. ఒకే నొక్కుతో పని అయిపోతుంది.

ఇక్కడ ఇంకొక్క సంగతి చెప్పాలి. కాలేజీ కొన్నేళ్లకొకసారి సిలబస్ మారుస్తుంది. అలా మార్చిన ప్రతిసారీ వచ్చే నియమావళిని రెగ్యులేషన్ అంటాం. ఏ రెగ్యులేషన్‌లో చేరిన విద్యార్థి అందులోనే పూర్తి చేయాలి. అయితే హాజరు తగ్గి డిటైన్ అయినవాళ్లు మరుసటి ఏడాది జూనియర్లతో కలిసి చదవాలి. ఆ జూనియర్లు కొత్త రెగ్యులేషన్‌లో ఉంటే వీళ్లూ అందులోకి మారాలి. అప్పుడు పాత సిలబస్‌లో పాసైన సబ్జెక్టు కొత్త సిలబస్‌లో దేనికి సమానమో చూపించే పట్టిక ఒకటి కావాలి. దాన్ని ఈక్వివలెన్స్ పట్టిక అంటాం. ఒకే పాఠం రెండు పేర్లతో రెండుసార్లు చదివితే ఒక్కసారే లెక్కలోకి వస్తుందని రెగ్యులేషన్ పుస్తకంలో స్పష్టంగా ఉంది.

ఆ పట్టిక విభాగాధిపతులు ఇవ్వాలి. ప్లానర్ మొదలుపెట్టిన జూలైలో రెండు విభాగాల నుంచి అది రాలేదు. ప్లానర్ అమ్మిన కంపెనీవాళ్లు, శుక్రవారంలోగా పట్టిక మేం అప్‌లోడ్ చేయకపోతే రిజిస్ట్రేషన్లు ఆలస్యమవుతాయన్నారు. ఆ రెండు విభాగాల వరసలూ ఖాళీగా ఉంచి, తర్వాత నింపవచ్చులే అనుకుని, కింద సంతకం పెట్టి పంపించాను. తర్వాత నింపలేదు. మరిచిపోయాను. ఖాళీ గడి ఉంటే ప్లానర్ దాన్ని 'వివరం ఇంకా రాలేదు' అని అనుకోదు. 'సమానమైనదేదీ లేదు' అని అనుకుంటుంది. ఆ తేడా నాకు ఏడాదిన్నర తర్వాత తెలిసింది.

మరుసటి ఏడాది డిసెంబరులో, మధ్యాహ్నం భోజనాల వేళ, దమయంతి అనే అమ్మాయి నా గదికి వచ్చింది. మెకానికల్, నాలుగో సంవత్సరం. మల్కాపురం నుంచి కాలేజీ బస్సులో వచ్చేది. మూడో ఏడాదిలో ఉండగా ఆటో బోల్తా పడి కాలు విరిగింది. మూడు నెలలు మంచం మీదే ఉండడంతో హాజరు పడిపోయి డిటైన్ అయింది. ఒక ఏడాది పోయాక జూనియర్లతో కలిసింది. ఆ అక్టోబరులో క్యాంపస్ ఇంటర్వ్యూల్లో అచ్యుతాపురంలోని ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగానికి ట్రైనీ ఇంజనీర్‌గా ఎంపికైంది. జూలై నెలాఖరులోగా ప్రొవిజనల్ సర్టిఫికెట్ చూపించి చేరాలన్నది వాళ్ల షరతు.

ఆమె చేతిలో పొడుగు నోటుపుస్తకం ఉంది. గుమ్మంలోనే నిలబడి, "మేడమ్, నా లెక్కలో మూడు క్రెడిట్లు తగ్గుతున్నాయండి" అంది.

నేను తెర తెరిచాను. చివరి సెమిస్టరుతో కలిపి సరిగ్గా నూట అరవై. ఒక్క ఎర్ర గడి కూడా లేదు.

"అంతా బాగానే ఉందమ్మా. చూడు."

"సూసానండి. ఎకనామిక్స్ రెండుసార్లు లెక్కేసినట్టుందండి. కరోనా టైములో ఆన్‌లైన్లో ఒకటి రాశాను. మళ్లీ మూడో ఇయర్లో ఇంకో పేరుతో వచ్చింది. పాఠాలు అవేనండి."

"పేర్లు వేరు, కోడ్లు వేరు. రెండూ పాసయ్యావు. లెక్కలో తేడా ఉంటే ప్లానర్ ఎరుపు చూపించేది. నువ్వేమీ కంగారుపడకు."

ఆమె పుస్తకం తెరవబోయింది. బయట ఇంకో ముగ్గురు నిలబడి ఉన్నారు. ఒంటిగంటన్నరకి నాకు క్లాసుంది. నేను గోడ గడియారం వైపు చూశాను. ఆమె అది గమనించి పుస్తకం మూసేసి, "సరే మేడమ్" అని వెళ్లిపోయింది. ఆ పుస్తకంలో ఏముందో నేను అడగలేదు.

జనవరి రెండో వారంలో చివరి సెమిస్టరు రిజిస్ట్రేషన్లు ముగిశాయి. ప్లానర్‌లో గడువు తేదీ దాటగానే రిజిస్ట్రేషన్ విండో దానంతటదే మూసుకుపోతుంది. అది మూసుకున్న నాలుగు రోజులకు, ఉదయం పదింటికి, దమయంతి మళ్లీ వచ్చింది. ఈసారి వాళ్ల నాన్నతో. ఆయన పేరు సత్తిబాబు. తెల్ల చొక్కా టక్ చేసుకుని వచ్చారు. కుర్చీ చూపించినా కాసేపు కూర్చోలేదు. రెండోసారి చెప్పాక కుర్చీ అంచున కూర్చున్నారు.

"మేడమ్ గారూ, నాను పది వరకే సదివేనండి. ఈ క్రెడిట్లు అయ్యీ నాకు తెల్దు. మా పిల్ల నెల్లాళ్ల బట్టి అన్నం సరిగ్గా తినట్నేదు. ఏటమ్మా అంటే లెక్క తేలట్నేదంతాది. కంప్యూటర్లో బాగానే ఉందని తమరు సెప్పారంట."

నేను అవునన్నాను. ఆయన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని నెమ్మదిగా మాట్లాడారు.

"నాను పోర్టులో టాలీ క్లర్కునండి. ఓడలోంచి బస్తాలు దింపుతుంటే ఓడ కాడ ఒకలు లెక్క రాత్తారు, లారీ కాడ ఇంకొకలు రాత్తారు. రెండు లెక్కలూ కలిత్తేనే సంతకం. కలవకపోతే ఎవులది తప్పని ముందే అనం, మళ్లీ లెక్కెడతాం. మీది తప్పని సెప్పడానికి రానేదండి. మా పిల్ల లెక్క, మీ మిసను లెక్క కలవట్నేదు. ఒక్కసారి మళ్లీ లెక్కెట్టించండని అడగడానికొచ్చేను. మజ్జానం డ్యూటీ ఉంది, ఎల్లిపోతాను."

ముప్పై ఏళ్ల సర్వీసులో తల్లిదండ్రులు వచ్చి అరవడం, ఏడవడం, బతిమాలడం అన్నీ చూశాను. ఇలా పద్ధతి అడిగినవాళ్లు లేరు. దమయంతి చేతిలోంచి నోటుపుస్తకం తీసుకుని మొదటిసారి తెరిచాను. ప్రతి సెమిస్టరుకూ ఒక పేజీ. ఎడమ వైపు పాత రెగ్యులేషన్, కుడి వైపు కొత్తది. ప్రతి సబ్జెక్టు పక్కనా సిలబస్ పుస్తకంలోని పేజీ నంబరు కూడా వేసుకుంది. ఎకనామిక్స్ దగ్గర రెండు వైపులా బాణం గీసి, 'ఐదు యూనిట్లూ అవే' అని రాసింది.

ఎగ్జామ్ బ్రాంచికి ఫోన్ చేసి అప్పలరాజుని రమ్మన్నాను. ఆయన అక్కడ సీనియర్ అసిస్టెంట్. చివరి సెమిస్టరు ఫలితాలు వచ్చాక ఒక్కో విద్యార్థి మార్కుల్నీ, క్రెడిట్లనీ చేత్తో సరిచూసి యూనివర్సిటీకి పంపే పని ఆయనది. అంటే ఈ తప్పు ఎలాగూ జూన్‌లో ఆయన బల్ల మీద బయటపడేది. అప్పటికి చేయడానికేమీ మిగిలేది కాదు. మళ్లీ ఒక సబ్జెక్టు కట్టి, ఆరు నెలలాగి రాయాల్సిందే. అచ్యుతాపురం ఉద్యోగం అంతవరకూ ఆగదు.

అప్పలరాజు రెండు సిలబస్ పుస్తకాలూ తెచ్చి పక్కపక్కన పెట్టాడు. యూనిట్లు ఒక్కొక్కటీ చదివాం. డిమాండు, ఉత్పత్తి, బ్రేక్ ఈవెన్ పాయింటు, బ్యాలెన్స్ షీటు. నాలుగో యూనిట్‌లో రెండు శీర్షికలు అటూ ఇటూ మారాయి, అంతే.

"పేరు మార్సినారు గానీ మేడమ్, సరుకు అదే" అన్నాడు అప్పలరాజు.

నేను కంప్యూటర్లో ఈక్వివలెన్స్ పట్టిక తెరిచాను. మెకానికల్ వరసలన్నీ ఖాళీ. కింద నా సంతకం, తేదీ. ఆ జూలై శుక్రవారం అప్పుడు గుర్తొచ్చింది. తండ్రీ కూతుళ్లు నా ముఖమే చూస్తున్నారు.

"మీ అమ్మాయి లెక్కే సరైనది. మూడు క్రెడిట్లు తగ్గాయి. తప్పు ఆమెది కాదు, నాది. పట్టిక నింపకుండా పంపించాను" అన్నాను.

సత్తిబాబు గారు కూతురి వైపు ఒకసారి చూసి నా వైపు తిరిగారు. "ఇప్పుడేటి సెయ్యాలండి?" అన్నారు. నింద లేదు. ఆయనకు కావలసింది తర్వాతి మెట్టు. ఎల్లుండి సాయంత్రానికి చెబుతానని మాటిచ్చాను. దమయంతి వెళ్లేటప్పుడు పుస్తకం నా దగ్గరే ఉంచి వెళ్లింది.

వాళ్లు వెళ్లాక అప్పలరాజు, "ఈ పిల్ల ఒక్కత్తే కాదేమోనండి" అన్నాడు. నేనూ అదే అనుకుంటున్నాను. ఆ రెండు విభాగాల్లో అలా మధ్యలో రెగ్యులేషన్ మారి, చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు ముప్పై ఒక్కమంది తేలారు. వాళ్ల రికార్డులన్నీ తీశాం. సత్తిబాబు గారి పద్ధతే పెట్టుకున్నాం. నేను ఒక గదిలో, అప్పలరాజు ఒక గదిలో, ఎవరికి వారుగా మొత్తం ముప్పై ఒకటీ లెక్కవేయాలి. ఆ తర్వాతే పోల్చుకోవాలి. రెండు రోజులు పట్టింది. ఇద్దరి విషయంలో మా లెక్కలు కలవలేదు. మళ్లీ చూస్తే ఒకటి ఆయన పొరపాటు, ఒకటి నాది. చివరికి దమయంతితో కలిపి ఏడుగురికి మూడేసి క్రెడిట్లు తక్కువని తేలింది. ఏడుగురి తెరల మీదా ఒక్క ఎర్ర గడి కూడా లేదు.

ఏడు పేర్లూ ఒక కాగితం మీద రాసుకుని ప్రిన్సిపాల్‌గారి దగ్గరికి వెళ్లాను. ఆ ప్లానర్ ఆయన పట్టుబట్టి తెచ్చినది. పైగా రెండు వారాల్లో కాలేజీ తనిఖీకి బృందం రాబోతోంది. ఆయన కాగితం చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"పట్టిక ఎవరు అప్‌లోడ్ చేశారు?"

"నేనే సార్."

"విభాగాలు ఇవ్వలేదు కదా."

"ఇవ్వలేదు. ఇవ్వకుండా సంతకం పెట్టింది మాత్రం నేనే."

తనిఖీ అయ్యేదాకా ఇది రాతలో లేకుండా చూడలేమా అని అడిగారు. ఆయన స్థానంలో ఉంటే నేనూ ఆ ప్రశ్న అడిగేదాన్నేమో. రాయకపోతే అనుమతి అడగలేమన్నాను. రెగ్యులేషన్ పుస్తకంలో ఒక నిబంధన ఉంది. క్లాసులు మొదలైన పది పనిదినాల్లోపు, సరైన కారణం ఉంటే, అకడమిక్ కౌన్సిల్ అధ్యక్షుడి రాతపూర్వక అనుమతితో ఆలస్యపు రిజిస్ట్రేషన్ చేయవచ్చు. అధ్యక్షుడు ప్రిన్సిపాలే. పది రోజుల్లో అప్పటికే ఆరు గడిచిపోయాయి.

"ఏ సబ్జెక్టు ఇస్తారు? ఏడుగురివీ రెండు బ్రాంచిలు."

ఇది నేను ముందే చూసుకున్నాను. ఏ బ్రాంచివాళ్లయినా తీసుకోదగిన ఓపెన్ ఎలెక్టివ్‌ల జాబితాలో 'పారిశ్రామిక భద్రత' అని మూడు క్రెడిట్లది ఉంది. ఆ ఏడాది ఎవరూ అడగక దాన్ని నడపడం లేదు. కనీసం ఇరవై మంది ఉంటేనే నడపాలని నియమం. దానికీ మినహాయింపు ఆయనే ఇవ్వాలి.

"టీచరెవరు?"

"నేనే సార్."

"మీ టైమ్ టేబుల్లో ఖాళీ ఎక్కడుంది?"

"మొదటి పీరియడ్ తొమ్మిదింటికి. నేను ఎనిమిదింటికి వస్తాను."

ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండు అనుమతుల మీదా సంతకం చేశారు. కారణం అన్న చోట నేను రాసిన 'కోఆర్డినేటర్ పట్టిక అసంపూర్తిగా పంపినందువల్ల' అన్న వాక్యం చదివి, అలాగే ఉంచారు.

అయినా పని సగమే. సబ్జెక్టు ప్లానర్‌లో ఎక్కకపోతే పరీక్షకు హాల్ టికెట్ రాదు. కంపెనీకి ఫోన్ చేస్తే, సెమిస్టరు మధ్యలో ఈక్వివలెన్స్ మారిస్తే మిగతా విద్యార్థుల లెక్కలు కూడా కదులుతాయని, అభ్యర్థన నమోదు చేస్తే పది రోజుల్లో చూస్తామని చెప్పారు. నాకున్నవి నాలుగు. రెండు విభాగాధిపతుల గదుల్లో నేనే కూర్చుని, పట్టికలు వాళ్ల చేత అక్కడికక్కడే నింపించాను. ఏడాదిన్నరగా రానివి ఒక పూటలో వచ్చాయి. అడిగే తీరు ముఖ్యమని అప్పుడు తెలిసింది. కంపెనీలో పై అధికారి నంబరు సంపాదించి, ఏడు పేర్లూ చదివి వినిపించాను. ముప్పై ఒక్కమంది లెక్కలు మేం చేత్తో చేసి ఉంచామని, మార్చాక ఏది కదిలినా వెంటనే పట్టుకోగలమని చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు.

చివరి రోజు మధ్యాహ్నం మూడింటికి కొత్త పట్టిక ఎక్కింది. అప్పలరాజు నా పక్కన నిలబడి ఉన్నాడు. దమయంతి తెర తెరిచాను. ఎకనామిక్స్ గడి ఒకటి లెక్కలోంచి తప్పి బూడిదరంగులోకి మారింది. కింద ఓపెన్ ఎలెక్టివ్ గడి ఎర్రబడింది. మొత్తం నూట యాభై ఏడు. మిగతా ఆరుగురిదీ అంతే. మిగిలిన ఇరవై నాలుగూ కదలలేదు. ఎరుపు చూసి ఊపిరి పీల్చుకోవడం నా జీవితంలో అదే మొదటిసారి. ఏడుగురికీ పారిశ్రామిక భద్రత చేర్చాం. ఎరుపు పోయి పసుపు వచ్చింది. నాలుగింటికి, ఈ ఏడుగురి కోసం మళ్లీ తెరిపించిన విండో మూసుకుంది.

పిల్లల్లో ఆరుగురు విషయం విని ముందు బెదిరారు, తర్వాత సరేనన్నారు. ఏడో అతను చివరి సెమిస్టరంతా హైదరాబాద్‌లో ఇంటర్న్‌షిప్‌లో ఉన్నాడు. ఫోన్ చేసి చెబితే, "తప్పు మీదైతే క్లాసులు నాకా మేడమ్?" అన్నాడు. నిజమే. "తప్పు నాదే. క్లాసు మాత్రం నీకు తప్పదు" అన్నాను. అతని కోసం వారానికి రెండు క్లాసులు ఆన్‌లైన్లో పెట్టి, మిగతావి అతను వచ్చే రెండో శనివారాల్లో చెప్పడానికి ప్రిన్సిపాల్‌గారి దగ్గర ఇంకో అనుమతి తీసుకున్నాను. అతను చివరిదాకా నాతో ముభావంగానే ఉన్నాడు. ఒక్క క్లాసు మాత్రం మానలేదు.

జనవరి నాలుగో వారం నుంచి ఏప్రిల్ నెలాఖరు దాకా వారానికి నాలుగు రోజులు ఉదయం ఎనిమిదికి క్లాసు. కాలేజీ బస్సు ఆ వేళకు రాదు. దమయంతి రెండు సిటీ బస్సులు మారి వచ్చేది. మల్కాపురంలో ఇంట్లోంచి ఆరింటికి ముందే బయలుదేరాలి. నేను మురళీనగర్ నుంచి. కొన్ని రోజులు ఇద్దరం గేటు దగ్గర ఒకేసారి దిగేవాళ్లం. సిలబస్‌లో బరువులెత్తే క్రేన్ల భద్రత గురించి ఒక యూనిట్ ఉంది. తాళ్లు, కొక్కేలు తనిఖీ చేసే పద్ధతి నేను పుస్తకం చూసి చెబుతుంటే ఆమె వాళ్ల నాన్న దగ్గర విన్నవి చెప్పేది. వేలాడే బరువు కింద నుంచి అడ్డంగా నడిచినవాణ్ని పోర్టులో ఆ రోజుకి పనిలోకి రానివ్వరట. ఏడుగురే కాబట్టి క్లాసు క్లాసులా ఉండేది కాదు. అందరూ మాట్లాడేవారు. నా సర్వీసులో బాగా చెప్పిన సబ్జెక్టుల్లో అదొకటి అనుకుంటాను. అంతకుముందు నేనెప్పుడూ చెప్పనిది కాబట్టి నేనూ చదువుకోవాల్సి వచ్చింది.

మేలో పరీక్షలయ్యాయి. పేపర్లు దిద్దేది బయటి కాలేజీలవాళ్లు, కాబట్టి నా చేతిలో ఏమీ లేదు. ఏడుగురిలో ఒక్కరు తప్పినా ఇంత చేసిందీ వృథా. ఫలితాలొచ్చేదాకా నేను ఎవరికీ కనపడనివ్వలేదు గానీ, పని మీద మనసు నిలిచేది కాదు.

జూన్ చివరి వారంలో ఒక ఆదివారం ఉదయం నేను సీతమ్మధార రైతుబజారులో ఆనపకాయలు ఏరుతున్నాను. అప్పలరాజు ఫోన్ చేశాడు.

"మేడమ్, రిజల్టు సీటు మాకొచ్చీసింది. ఏడుకి ఏడూ పాసండి."

నేను కాయ కింద పెట్టాను.

"సరిగ్గా చూశావా?"

"సూసీసినాను. నాలుగేళ్ల క్రెడిట్లూ కలిపి కన్సాలిడేషన్ కూడా సేసీసినాను. ఒకటీ నూట అరవైకి తగ్గనేదు. నాను ఒకసారి లెక్కెట్టి, మా బావ సేత ఇంకోసారి ఎట్టించాను." బావ అంటే ఆయన పక్క సీటు గుమస్తా. వాళ్లు అలాగే పిలుచుకుంటారు.

దమయంతి మార్కులెన్నో అడిగాను. పారిశ్రామిక భద్రతలో క్లాసు మొత్తానికీ ఆమెదే ఎక్కువ. కూరల కొట్టు పక్కన ఉన్న అరుగు మీద కూర్చున్నాను. కొట్టావిడ, "ఏటమ్మా, వొంట్లో బాగునేదా?" అంది. బాగానే ఉందన్నాను. నిజంగానే బాగుంది. జనవరి నుంచి భుజాల మీద ఏదో ఉందని, అది దిగాక గానీ తెలియలేదు.

ప్రొవిజనల్ సర్టిఫికెట్లు జూలై మూడో వారంలో ఇచ్చాం. ఏడూ నా చేతుల మీదుగానే ఇచ్చాను. హైదరాబాద్ అబ్బాయి తీసుకుని, "థాంక్స్ మేడమ్" అని, ఒక్క క్షణం ఆగి, "మీ క్లాసు బాగుంది" అని వెళ్లాడు. దమయంతి గడువుకు తొమ్మిది రోజుల ముందు అచ్యుతాపురంలో చేరింది. ఆ సాయంత్రం సత్తిబాబు గారు ఫోన్ చేసి, "పిల్ల డ్యూటీలో సేరిపోనాదండి. తమరికి సెప్పమంది" అన్నారు. ఇంకా ఏమైనా అంటారేమోనని ఆగాను. ఆయన, "ఉంటానండి మరి, సిఫ్టు టైమైంది" అని పెట్టేశారు.

ఆ ఆగస్టులో మా సెల్ పద్ధతులు కొన్ని మార్చాను. డిటైన్ అయి తిరిగొచ్చినవాళ్లకూ, డిప్లొమా చేసి నేరుగా రెండో ఏడాదిలో చేరినవాళ్లకూ 'అందరికీ ఆమోదం' బటన్ పనిచేయకుండా చేయించాను. పట్టికలో ఖాళీ గడి ఉంటే అప్‌లోడ్ కాకుండా చేయమని కంపెనీకి రాశాను, వాళ్లు చేశారు. నేను తెరిపించిన బటన్ని నేనే సగం మూయించినందుకు అడ్వైజర్లు కొందరు విసుక్కున్నారు. నేను కారణం దాచలేదు. ఆ ఏడుగురి సంగతీ మొదటి సమావేశంలోనే చెప్పాను. ఆ తర్వాత రిటైరయ్యేవరకూ ప్లానర్‌ని నేనూ రోజూ వాడాను. ఇప్పటికీ అది లేకుండా అంతమంది పిల్లల చదువులు చూడడం ఎవరి వల్లా కాదనే అంటాను. చెప్పింది చేయడం దానికి తెలుసు. మనం చెప్పనిదేమిటో దానికి తెలియదు.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్లు అడిగితే నేను చెప్పేది ఇంతే. సందేహంతో వచ్చే విద్యార్థి సాధారణంగా సగం పని చేసుకునే వస్తాడు. ముందు అతని లెక్క పూర్తిగా వినాలి, ఆ తర్వాత తెర తెరవాలి. ఈ వరస తప్పకూడదని నేను ఉద్యోగం చివర్లో నేర్చుకున్నాను. ఆలస్యంగానే, కాని ఎవరి ఏడాదీ పోకముందే.